నాట్యం మధ్యలో ఇచ్చిన పుస్తకం

చార్మినార్ నీడలో పుట్టిన కథలన్నిటిలోకీ పాతది ఒక నాట్యకత్తె కథ. మూసీకి అవతల చించలం అనే పల్లెలో ఉన్న భాగమతి కోసం యువరాజు మహమ్మద్ కులీ వరద నదిని దాటాడనీ, 1591లో కట్టిన కొత్త నగరానికి ఆమె పేరే పెట్టాడనీ జనం చెప్పుకుంటారు. భాగమతి నిజంగా ఉన్నదా లేదా అన్న విషయంలో చరిత్రకారులకు ఏకాభిప్రాయం లేదు. అయినా నగరం ఆ కథను వదులుకోలేదు. విచిత్రమేమంటే, ఆడే స్త్రీని పుట్టుక కథలో సగర్వంగా నిలుపుకున్న ఈ నగరమే ఆమెను పొరుగింట్లో భరించలేకపోయింది. చార్మినార్‌కు ఎంతో దూరం లేని మెహబూబ్ కీ మెహందీలో ముజ్రాలు ఆడి బతికిన కుటుంబాలు పోలీసు దాడులతో చెదిరిపోయాయి. ఆ మేడలు ఖాళీ అయినప్పుడు నగరం శుభ్రపడిందని సంతోషించినవారే ఎక్కువ. ఆ స్త్రీలు ఎక్కడికి పోయారని అడిగినవారు తక్కువ.

మగవాళ్ల వినోదం కోసం స్త్రీలు ఆడే చోట్లు స్త్రీని వస్తువుగా మారుస్తాయా? తరగతిలో ఈ ప్రశ్న వేసినప్పుడల్లా విద్యార్థులు రెండుగా చీలుతారు. మారుస్తాయి, కాబట్టి మూసేయాలని ఒక పక్షం. అది కళ, ఉపాధి, ఆమె ఇష్టం అని రెండో పక్షం. ఇద్దరూ ఒక ప్రశ్నను మరిచిపోతారు: ఆడుతున్నది ఎవరు? ఏ కులం నుంచి, ఏ ఇంటి నుంచి, ఏ నిర్బంధంలోంచి ఆమె అక్కడికి వచ్చింది? వచ్చిన తలుపులోంచి ఆమె వెనక్కి వెళ్లగలదా? ఈ ప్రశ్నలకు సిద్ధాంతాల్లో కంటే ఒక జీవితంలో జవాబు వెతకడం మేలు. ఆ జీవితం మాహ్ లకా బాయి చందాది.

ఆమె 1768లో పుట్టింది. పెట్టిన పేరు చందా. తల్లి రాజ్ కన్వర్ గాయని, నర్తకి. తండ్రి బహదూర్ ఖాన్ మొఘల్ కొలువులో పనిచేసినవాడు. అయితే ఆమె కథ ఆమె పుట్టుకతో కాక అమ్మమ్మతో మొదలవుతుంది. చందా ప్రోద్బలంతో గులాం హుసేన్ జౌహర్ రాసిన మాహ్‌నామా అనే చరిత్రలోనూ, దాని ఆధారంగా వచ్చిన తర్వాతి జీవితచరిత్రల్లోనూ ఆ కథ కనిపిస్తుంది. అమ్మమ్మది గుజరాత్‌లో ఒక గౌరవనీయమైన ముస్లిం కుటుంబం. ఆమె భర్త సర్కారు ఉద్యోగి. డబ్బు వ్యవహారంలో చిక్కుకొని, భార్యాపిల్లలను గాలికి వదిలి పారిపోయాడు. దిక్కులేని ఆ తల్లికీ ఆడపిల్లలకూ ఆశ్రయమిచ్చినవారు భగతియాలు. ఊరూరా తిరుగుతూ ఆటపాటలతో పొట్టపోసుకునే కులం వారిది. పెద్ద కుటుంబాలు తలుపులు మూసిన చోట చిన్న కులం తన గుడారం తెరిచింది. పిల్లలు వారి దగ్గరే పాట నేర్చారు, ఆట నేర్చారు.

కులం గురించి ఆలోచించేవారు ఇక్కడ కాసేపు ఆగాలి. కులం పుట్టుకతో వస్తుందంటారు. కానీ స్త్రీల విషయంలో ఆ సూత్రం ఒకవైపే పనిచేస్తుంది. ఒక మగవాడు బాధ్యత వదిలి పారిపోతే ఆ ఇంటి స్త్రీలు ఒక్క తరంలోనే ఆడేవారి వరుసలోకి దిగిపోయారు. కిందికి దిగడానికి ఒక్క తరం చాలింది. పైకి ఎక్కడానికి మాత్రం ఎన్ని తరాలైనా చాలలేదు. అమ్మమ్మ కోల్పోయిన కులీన గృహిణి అనే హోదా మళ్లీ ఆ ఇంటి ఆడపిల్లలకు దక్కలేదు. మనవరాలు ప్రధానమంత్రులకు సమానంగా కూర్చున్నా దక్కలేదు. పారిపోయిన ఆ పెద్దమనిషికి మాత్రం ఏ కులమూ మారలేదు.

దక్కన్ సైన్యాల వెంట, శిబిరాల వెంట సాగి ఆ కుటుంబం చివరికి నిజాం రాజ్యానికి చేరింది. ఔరంగాబాద్ నుంచి రాజధాని హైదరాబాద్‌కు మారిన కాలమది. ఆ ఇంటి స్త్రీ మెహతాబ్ ప్రధానమంత్రి రుక్నుద్దౌలా ప్రాపకంలోకి వెళ్లింది. చిన్నారి చందా ఆమె పెంపకంలో ఆ దేవిడీలోనే పెరిగింది. దాంతో సామాన్య నర్తకి కూతురికి అందని చదువు ఆమెకు అందింది. ఫారసీ, ఉర్దూ సాహిత్యాలు చదివింది. తాన్‌సేన్ సంప్రదాయానికి చెందిన ఖుష్‌హాల్ ఖాన్ దగ్గర సంగీతం, షేర్ మహమ్మద్ ఖాన్ ఇమాన్ దగ్గర కవిత్వం నేర్చింది. గుర్రపుస్వారీ, విలువిద్య కూడా సాధన చేసింది. రుక్నుద్దౌలా 1775లో హత్యకు గురయ్యాడు. ఆ ఇంటి ఆసరా కూలింది కానీ, అప్పటికే బాలికకు అబ్బిన విద్యను ఎవరూ తీసుకోలేకపోయారు.

యవ్వనంలోకి వచ్చేసరికి ఆమె రెండో అసఫ్ జా నిజాం అలీ ఖాన్ దర్బారులో ప్రముఖురాలైంది. మగ దుస్తులు ధరించి, ఆయుధం పట్టి నిజాం వెంట నిర్మల్, పానగల్ వంటి దండయాత్రలకు వెళ్లింది. ఐదు వందల మంది సాయుధులు ఆమె వెంట నడిచేవారని చెబుతారు. 1803 ప్రాంతంలో ఆమెకు మాహ్ లకా అనే బిరుదు వచ్చింది. చంద్రముఖి అని దాని అర్థం. బిరుదుతోపాటు పల్లకీ, నౌబత్ మోగించుకునే గౌరవం, జాగీరులు వచ్చాయి. అడిక్‌మెట్, హైదర్‌గూడ, చందానగర్ వంటి గ్రామాలు ఆమె చేతిలో ఉండేవి. రాజకీయ వ్యవహారాల్లో ఉమరావులు ఆమె సలహా అడిగేవారు. ప్రధానమంత్రి పదవి వరకు ఎదిగిన మీర్ ఆలం ఆమె సౌందర్యాన్ని కీర్తిస్తూ కావ్యం రాశాడు.

అయితే ఆమె కీర్తి మరొకరు తన మీద రాసిన కావ్యం మీద ఆధారపడలేదు. 1798లో తన గజళ్లను ఆమె స్వయంగా దివానుగా కూర్చింది. ఉర్దూలో దివాను కూర్చిన తొలి స్త్రీ ఆమెనని చాలాకాలం చెప్పుకున్నారు. దక్కన్‌కే చెందిన లుత్ఫున్నిసా ఇంతియాజ్ ఒక ఏడాది ముందే ఆ పని చేసినట్టు తర్వాత తెలిసింది. మొదటిది ఎవరిదైతేనేమి, ఇద్దరూ ఈ నేల స్త్రీలే. చందా గజళ్లలో ప్రతిదానికీ ఐదే ద్విపదలు. ప్రేమ, విరహం, చమత్కారం మీదుగా నడిచి చివరి ద్విపదకు వచ్చేసరికి గజల్ హజ్రత్ అలీ ముందు తలవంచుతుంది. ఎందరో ప్రభువులు తన గడప తొక్కుతున్న కాలంలో ఆమె తన నిజమైన ప్రభువెవరో ప్రతి గజల్ చివరా తానే ప్రకటించుకున్నది.

ఆ పుస్తకానికి సంబంధించిన ఒక ఘటన మన ప్రశ్నకు గుండెకాయ లాంటిది. 1799 అక్టోబరు 18న మీర్ ఆలం ఇంట్లో విందు. అప్పటికి ఏడాది కిందటే నిజాం కంపెనీతో సైన్య సహకార సంధికి తలొగ్గాడు. కొద్ది నెలల కిందటే శ్రీరంగపట్నం కూలింది. విందులో కంపెనీ అధికారి కెప్టెన్ జాన్ మాల్కమ్ ఉన్నాడు. ముఖ్య నర్తకి చందా. ఆట మధ్యలో ఆమె ఆ అతిథి చేతిలో నజరానాగా ఒక వస్తువు పెట్టింది. అది పువ్వు కాదు, రుమాలు కాదు. తన దివాను ప్రతి. ఆ ప్రతి నేటికీ లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నది. ఇచ్చిన సందర్భం, తేదీ, ఇల్లు అన్నీ దాని మీద నమోదై ఉన్నాయి.

ఆ గదిని ఊహించండి. కూర్చున్నవారందరూ మగవారు. వారి చేతిలో సైన్యాలు, సంధులు, ఖజానాలు. నిలబడి ఆడుతున్నది ఒక స్త్రీ. ఆ చూపులన్నీ ఆమె దేహం మీద ఉన్నాయి. వస్తువీకరణకు అంతకంటే స్పష్టమైన దృశ్యం ఉండదు. సరిగ్గా ఆ క్షణంలోనే ఆమె తాను చూడదగిన దేహం మాత్రమే కాదనీ, చదవదగిన కవిననీ పుస్తకంతో చెప్పింది. చూసేవాడిని పాఠకుడిగా మార్చే ప్రయత్నమది. ఆ ప్రయత్నం ఎంతవరకు ఫలించిందన్నది వేరే సంగతి. ఆ అధికారికి ఆమె కవిత్వం కంటే ఆమె అసాధారణత్వమే వింతగా తోచి ఉండవచ్చు. ఒకటి మాత్రం నిజం. ఆట ఆమెను వస్తువుగా చూపిన చోటే ఆమె కర్తగా నిలబడింది. ఆ రెండూ ఒకే గదిలో, ఒకే రాత్రి జరిగాయి. కాబట్టి నాట్యవేదిక స్త్రీని తప్పనిసరిగా వస్తువును చేస్తుందన్న వాదం సగమే నిజం. చేయదన్న వాదమూ సగమే.

మిగతా సగం ఎక్కడున్నది? ఆమె చేతిలో ఉన్న భూమిలో, అక్షరంలో, పేరులో ఉన్నది. జాగీరు లేని నర్తకి అదే విందులో పుస్తకం ఇవ్వగలిగేదా? ఆమెకు పుస్తకం ఉండేదే కాదు.

ఇదే కాలంలో తెలుగులో ఇంకో స్త్రీ ఉన్నది. తంజావూరు ప్రతాపసింహుడి కొలువులోని ముద్దుపళని. ఆమె రాధికా సాంత్వనము రాసింది. 1910లో బెంగళూరు నాగరత్నమ్మ ఆ కావ్యాన్ని శుద్ధప్రతిగా అచ్చు వేయిస్తే, అశ్లీలమని మరుసటి ఏడాది ప్రభుత్వం దానిని నిషేధించింది. టంగుటూరి ప్రకాశం చొరవతో 1947లో గానీ ఆ నిషేధం తొలగలేదు. మగ కవులు శృంగారం రాస్తే ప్రబంధమైంది. భోగం స్త్రీ రాస్తే నేరమైంది. ఆమె దేహం సభలో ఆడినప్పుడు కలగని అభ్యంతరం ఆమె కలం కదిలినప్పుడు కలిగింది. వస్తువీకరణ అంటే అసలు అర్థం ఇది. దేహం ఉండవచ్చు, దానికి గొంతు ఉండకూడదు.

మళ్లీ చందా దగ్గరికి వద్దాం. ఆమెను ఆరాధించే రచనలు ఇటీవల చాలా వచ్చాయి. ఆరాధనలో రెండు సంగతులు మరుగున పడతాయి. మొదటిది, ఆమె జాగీరు ఆదాయం ఎక్కడిది? చందానగర్‌లో, అడిక్‌మెట్‌లో ఎండకు ఎండి వానకు తడిసిన రైతులదీ, వెట్టి చేసిన శూద్ర, దళిత కులాలదీ. ప్రభువు పురుషుడైనా స్త్రీ అయినా శిస్తు శిస్తే. ఒక స్త్రీ వస్తువుగా మిగలకుండా తప్పించుకోవడానికి అవసరమైన సంపదను మరెందరో స్త్రీపురుషుల శ్రమ నుంచి తీయవలసివచ్చిన వ్యవస్థ అది. రెండోది, ఆమె నడిపిన నాట్యశాల. మూడు వందల మంది బాలికలు అక్కడ శిక్షణ పొందారని చెబుతారు. వారి పేర్లు మనకు తెలియవు. వారికి జాగీరులు రాలేదు. వారి దివానులు ఏ గ్రంథాలయంలోనూ లేవు. పేదరికమో, అనాథత్వమో, అమ్మకమో వారిని ఆ గడపకు చేర్చి ఉంటుంది. మూడు వందల మందిలో చరిత్రకు ఎక్కినవారు వేళ్ల మీద లెక్కపెట్టదగినవారు. కాబట్టి మాహ్ లకా జీవితం ఆ వ్యవస్థకు నమూనా కాదు, మినహాయింపు. మినహాయింపును చూపి వ్యవస్థను సమర్థించడం, ఒక దళితుడు ఉన్నత పదవికి చేరాడు గనుక కులం పోయిందనడం లాంటిదే.

ఆమెకు కూడా దక్కనిది ఒకటుంది. బయటికి పోయే తలుపు. ఆమె పెళ్లి చేసుకోలేదు. అది స్వేచ్ఛ అని కొందరు అంటారు. నిజమే, భర్త అదుపులో లేకపోవడం వల్లనే ఆస్తి ఆమె పేరున నిలిచింది. కానీ కుటుంబ స్త్రీకి ఆస్తి, చదువు, బయటి ప్రపంచం లేకుండా చేసి, వాటిని పొందిన స్త్రీకి కుటుంబాన్ని లేకుండా చేసిన సమాజంలో స్వేచ్ఛ అనే మాటను జాగ్రత్తగా వాడాలి. పితృస్వామ్యం స్త్రీలను రెండు ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు ఒక్కో సగం ఇచ్చింది. పరదా వెనుక స్త్రీకి గౌరవం ఇచ్చి గొంతు తీసుకుంది. మహఫిల్‌లోని స్త్రీకి గొంతు ఇచ్చి గౌరవం తీసుకుంది.

1792లో తల్లి చనిపోతే చందా మౌలా అలీ కొండ పాదాన సమాధి కట్టించింది. చుట్టూ తోట, మసీదు, నీటి వసతి ఏర్పరిచింది. 1824లో తానూ అక్కడే తల్లి పక్కన నిద్రించింది. ఆస్తిలో కొంత నిరాశ్రయ స్త్రీలకు చెందాలని కోరినట్టు జీవితచరిత్రలు చెబుతాయి. భర్త వదిలేసిన అమ్మమ్మ కథ ఆమెకు గుర్తుండి ఉంటుందనుకోవడంలో తప్పులేదు. తండ్రుల పేర్లతో, వంశాల పేర్లతో సమాధులు లేచే నగరంలో ఒక కూతురు తల్లి పేరున కట్టిన సమాధి అది. ఏళ్ల తరబడి శిథిలమైన ఆ కట్టడాన్ని 2010 ప్రాంతంలో అమెరికా ప్రభుత్వ నిధితో పునరుద్ధరించవలసివచ్చింది. పక్కనే ఉన్న మనకు ఆ పని తట్టలేదు.

ఆమె తర్వాతి శతాబ్దంలో ఆడే స్త్రీల మీద రెండు రకాల సంస్కరణలు వచ్చాయి. ఒకటి కందుకూరి వీరేశలింగం వంటి వారి సాని వ్యతిరేకోద్యమం. పెళ్లిళ్లలో, సభల్లో మేజువాణీలు వద్దన్నది దాని పిలుపు. అగ్రవర్ణ పురుషుల నీతి, వారి గృహిణుల కన్నీళ్లు దాని కేంద్రం. ఆడే స్త్రీ అందులో ఎక్కువగా అంటువ్యాధిగానే కనిపించింది. రెండోది ఈ నగరంలోనే పుట్టిన భాగ్యరెడ్డివర్మ ఉద్యమం. 1906లో జగన్ మిత్ర మండలితో మొదలై ఆది హిందూ ఉద్యమంగా ఎదిగిన ఆ కృషిలో జోగిని, బసివి, దేవదాసి ఆచారాల నిర్మూలన ముఖ్యభాగం. ఆయన దృష్టిలో అది నీతి సమస్య మాత్రమే కాదు. మాల మాదిగ ఆడపిల్లను దేవుడి పేరున ఊరి పెద్దలకు అప్పగించే కుల దోపిడీ. అందుకే ఆయన ఆచారం మానమని చెప్పి ఊరుకోలేదు. ఇసామియా బజార్ వంటి చోట్ల బడులు తెరిచాడు. మొదటి సంస్కరణ ఆటను ఆపాలనుకున్నది. రెండోది ఆడక తప్పని స్థితిని ఆపాలనుకున్నది. తేడా అంతా అక్కడే ఉన్నది.

1947లో మద్రాసు రాష్ట్రంలో దేవదాసీ నిరోధక చట్టం వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 1988లో మరో చట్టం వచ్చింది. అయినా తెలంగాణ పల్లెల్లో జోగినులు జాతరల్లోనూ, పెద్దల శవయాత్రల్లోనూ ఆడుతూనే వచ్చారు. నిజామాబాద్ ప్రాంతంలో హేమలతా లవణం వంటి వారు దశాబ్దాలు శ్రమించవలసివచ్చింది. మాహ్ లకా నర్తించిన దివాన్‌ఖానాకూ, జోగిని ఆడే ఊరి వీధికీ మధ్య దూరం ఎంత? అక్కడ చేతిలో భూమి, పుస్తకం, పల్లకీ ఉన్నాయి. ఇక్కడ ఒంటి మీద చీర, మెడలో ముత్యాల దండ, ఇంట్లో తండ్రి పేరు లేని బిడ్డ. ఇద్దరినీ చూసే కళ్లు ఒక్కటే. వస్తువుగా మిగలడమా, మనిషిగా నిలవడమా అన్నది తేల్చేది ఆమె చేతిలో ఏముందన్నదే.

మహారాష్ట్ర డ్యాన్స్ బార్ల వివాదం ఇదే పాఠం చెప్పింది. స్త్రీల గౌరవం పేరుతో 2005లో ఆ ప్రభుత్వం బార్లలో నాట్యాన్ని నిషేధించింది. పెద్ద హోటళ్లను మాత్రం మినహాయించింది. అంటే ధనికుల ముందు ఆడితే సంస్కృతి, సామాన్యుల ముందు ఆడితే అశ్లీలం. 2013లో సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది. ఆ మధ్య ఎనిమిదేళ్లలో వీధిన పడిన వారిలో బేడియా, నట్ వంటి ఆట కులాల స్త్రీలు ఎందరో. వేదిక మూశారు కానీ, ఆ కులాల ఆడపిల్లలకు మరో తలుపు తెరవలేదు. మన పండగ జాతరల్లో రికార్డింగ్ డ్యాన్సుల మీద జరిగే దాడుల్లోనూ ఇదే తంతు. కేసు పడేది ఆడిన అమ్మాయి మీద. స్టేజీ వేయించినవాడు, ముందు వరుసలో నోట్లు విసిరినవాడు మర్నాడు పంచాయతీలో పెద్దమనిషే.

కాబట్టి ఆడే చోట్లు స్త్రీని వస్తువుగా మారుస్తాయా అన్న ప్రశ్నను కొంచెం సవరించుకోవాలి. మారుస్తాయి, ఆమె రాక పుట్టుక నిర్ణయించినప్పుడు. మారుస్తాయి, కాదనగల శక్తి ఆమెకు లేనప్పుడు. మారుస్తాయి, వదిలి పోదామంటే తలుపు లేనప్పుడు. ఈ మూడూ తొలగనంతకాలం మూసివేత ఆమె ఆకలిని పెంచుతుంది, చూపును మార్చదు. ఈ మూడూ తొలగితే ఆట మళ్లీ ఆటగా మిగులుతుంది. అందుకు చేయవలసిన పనులు రహస్యమేమీ కాదు. జోగిని స్త్రీల పేరున సాగు భూమి. వారి పిల్లలకు తండ్రి పేరు అడగని బడి, ధ్రువపత్రం. ఆట కులాల ఆడపిల్లలకు వసతి, విద్య. వేదిక మీద పనిచేసే స్త్రీకి కూలి, రక్షణ, ఫిర్యాదు చేసుకునే హక్కు. చట్టం ముందు చూసినవాడికీ సమాన బాధ్యత.

ఉస్మానియా విశ్వవిద్యాలయం నిలిచిన అడిక్‌మెట్ నేల ఒకప్పుడు మాహ్ లకా జాగీరు. ఆమె పేరున్న మెట్లబావి పొరుగున ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఆవరణలో ఉన్నది. భర్త వదిలేస్తే ఆట కులం చేరదీసిన ఒక అమ్మమ్మ మనవరాలి నేల మీద మనం డాక్టరేట్లు తీసుకుంటున్నాం, కులం మీద ఉపన్యాసాలు ఇస్తున్నాం. ఆ నేల మీది తరగతి గదుల్లోకి నేటి జోగిని కూతురు ఎంతమంది వచ్చారో, వచ్చినవారు తమ తల్లి ఏం చేస్తుందో తలెత్తి చెప్పగలుగుతున్నారో లేదో లెక్క చూసుకోవడం మన వంతు. చందా తన చేతిలోని పుస్తకాన్ని నాట్యం మధ్యలో ఇవ్వవలసివచ్చింది. రేపటి ఆడపిల్లకు ఆ పుస్తకం నాట్యం కంటే ముందే అందాలి.